కొండదారిలో పెట్రోలు పొదుపు

తిరుపతి నుండి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైనది. దిగువకును పైకిని మధ్య ఎత్తు సుమారు 700 మీటర్లు. వెయ్యి కిలోల కారు ఈ ఎత్తునకు చేరుటకు సుమారు 70 లక్షల జౌళ్ళ శక్తి కావలెను. లీటరు పెట్రోలులో 320 లక్షల జౌళ్ళున్నను, ఇంజను అందులో నాల్గవ వంతును మాత్రమే పనిగా మార్చును. అనగా ఎత్తు ఎక్కుటకే లీటరుకు కొంచెము తక్కువ ఖర్చగును. రోడ్డు ఘర్షణ, గాలి అడ్డు దీనికి అదనము.

ఈ శక్తి నశింపలేదు. స్థితిజశక్తిగా బండిలోనే ఉన్నది. దిగునపుడు దానిని ఊరక పోనీయనేల? ఈ ఆశతోనే డ్రైవర్లు గేరు తీసివేసి బండిని జారనిచ్చుట నేర్చిరి. ఆ ఆశకు ఆధారము లేకపోలేదు. కార్బ్యురేటరు ఇంజను గేరులో నున్నంతకాలము, కాలు తీసినను కొంత పెట్రోలును పీల్చుచునే యుండును.

1930లో అమెరికాలోని స్టూడిబేకర్ కంపెనీ ఈ అలవాటును యంత్రముగానే మార్చినది. చక్రములు ఇంజనును మించి తిరిగినపుడు రెంటికిని సంబంధము తెగునట్లు ‘ఫ్రీవీల్’ అను అమరికను తన కార్లలో పెట్టెను. స్వీడను దేశపు సాబ్ కంపెనీ దీనిని వేరొక కారణముతో వాడినది. దాని రెండు స్ట్రోకుల ఇంజనుకు కందెన నూనె పెట్రోలుతో కలిసియే రావలెను. దిగుడులో పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గి ఇంజను చెడును.

అయితే ఇంజను పట్టు వదలిన బండిభార మంతయు బ్రేకులపై పడును. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు ఘర్షణ తగ్గును. పెడలు ఎంత నొక్కినను బండి ఆగదు. ఇంజనునే ఆపివేసినవాని గతి ఇంకను ఘోరము. బ్రేకునకు సాయపడు శూన్యపీడనము రెండుమూడు నొక్కులతో అయిపోవును. పావులీటరు పెట్రోలునకు ప్రాణము పణము!

1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారులో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షను వచ్చుటతో లెక్క తలక్రిందులైనది. గేరులో నుండి కాలు తీసినచో ఇంధనము పూర్తిగా ఆగిపోవును. చక్రములే ఇంజనును త్రిప్పును. న్యూట్రలులోనో, ఇంజను ఆగిపోకుండ తిరుగుటకు చిన్న కారుకైనను గంటకు సుమారు అరలీటరు కావలెను. చాల స్వల్పమైన వాలులో న్యూట్రలు బండి మరికొంత దూరము పోవచ్చును గాని, ఘాట్ రోడ్డు అట్టిది కాదు. కార్లు మారినను చేతి అలవాటు మాత్రము నేటికిని మారలేదు.

జారు శక్తిని తిరిగి రాబట్టుట రైళ్ళకు ముందే తెలియును. స్విట్జర్లాండులో గొత్తార్డ్ కొండమార్గమున ‘మొసలి’ అని పేరొందిన ఇంజనులు 1920 ప్రాంతముననే దిగునపుడు విద్యుత్తును తీగలకు తిరిగి పంపినవి. మోటారు కార్లలో ఆ పద్ధతిని విరివిగా వ్యాప్తికి తెచ్చినది 1997లో జపానులో వెలువడిన టొయోటా ప్రియస్. నేటి విద్యుత్ కార్లు కూడ ఇట్లే చేయును. కాని కొండపైననే బ్యాటరీని నిండుగా చార్జి చేసుకొని దిగినచో, వచ్చు విద్యుత్తుకు చోటుండదు. ఆ శక్తి మరల బ్రేకులలో వేడిగా మారవలసినదే.