మారుతీ 800, హమ్మర్: ఒకే తాను ముక్కలు

మారుతీ 800 అంటే మధ్యతరగతి పొదుపు, హమ్మర్ అంటే డబ్బు మదం. మన ఐటీ జనాల కబుర్లలో ఈ తీర్పు ఎప్పుడో ఖాయమైపోయింది. ఈ రెండు బళ్ళ చరిత్ర చదివితే నాకు మాత్రం వేరే సంగతి కనబడింది. రెండూ పన్నుల చట్టంలో సందు చూసుకుని ఎదిగిన బాపతే!

ముందు మన మారుతీ. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చారు. 796 సీసీ ఇంజను, దాదాపు 650 కిలోల బరువు. దీని మూలం సుజుకీ ఆల్టో. జపాన్‌లో బుల్లి కార్లకి పన్నులు తక్కువ. 1976లో వచ్చిన అప్పటి రూలు ప్రకారం ఆ తరగతిలో చేరాలంటే ఇంజను 550 సీసీ, పొడవు 3.2 మీటర్లు మించకూడదనేవారు. సుజుకీ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. అప్పట్లో కార్ల మీద ఉన్న ఒక పన్ను సరుకు బళ్ళకి లేదు. అందుకని 1979లో ఆల్టోని వ్యాన్ అని చెప్పి 4,70,000 యెన్‌లకే అమ్మారు. వెనక సీటున్నా కాగితాల మీద అది సరుకుల బండి అన్నమాట!

ఇక హమ్మర్. 2002లో జనరల్ మోటార్స్ తెచ్చిన హెచ్2 దాదాపు 2,900 కిలోలు. అమెరికాలో 1975 చట్టం కింద వచ్చిన మైలేజీ నియమాల్లో ట్రక్కులకి సడలింపు ఉంది. అప్పట్లో లోడుతో కలిపి 8,500 పౌండ్లు దాటితే అసలు నియమమే ఉండేది కాదు. హెచ్2 సరిగ్గా ఆ గీత దాటింది. పైగా 2003లో, వ్యాపారానికని 6,000 పౌండ్లు దాటిన బండి కొంటే లక్ష డాలర్ల దాకా అదే ఏడాది పన్ను లెక్కలోంచి తీసేసుకోవచ్చన్నారు. గోల అయ్యాక, 2004లో దాన్ని పాతికవేలకి తగ్గించారు.

అంటే ఇద్దరూ చేసింది ఒకటే, కారుని ట్రక్కని రాయించడం. కాకపోతే జపాన్ రూలు బండిని కుదించింది, అమెరికా రూలు ఉబ్బించింది. టెస్టు కేసు ఎలా ఉంటే కోడు అలా రాయడం మనకి తెలియని విద్యా?

మన దగ్గరా అంతే. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. వెంటనే కంపెనీలు డిక్కీలు కత్తిరించడం మొదలుపెట్టాయి. 2025 సెప్టెంబర్‌లో మారిన జీఎస్టీ కూడా పొడవు, ఇంజను చూసే 18 శాతమా, 40 శాతమా అని తేలుస్తుంది. బరువు మాత్రం ఎవరూ అడగరు. రోడ్డు దాటే మనిషికి తగిలేది ఆ బరువే కదా!

పక్కవాడి పెద్ద బండిని తిట్టుకునే ముందు, ఆ బండిని అలా పెంచిన రూలేదో ఒకసారి చదవండి.