యురుమెయిన్ నుంచి బ్రాంక్స్ దాకా

కొన్నేళ్ళ క్రితం మాట. ఆఫీసులో నాతో పనిచేసే మిత్రుడొకాయన "ఈ శనివారం మా పండగ, పిల్లల్ని తీసుకుని రా" అని బ్రాంక్స్‌కి పిలిచాడు. ఆయనది మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం, దంగ్రిగా ఊరు. మనల్ని ఎవరైనా "మీరు మాట్లాడేది హిందీయా?" అంటే గింజుకుంటాం. నేను మాత్రం ఆయన్ని జమైకా మనిషనుకుంటూ మూడేళ్ళు గడిపేశాను. ఆయన గరీఫునా అని ఆ రోజే తెలిసింది.

హాల్లో డోళ్ళు మోగుతున్నాయి. కొబ్బరిపాలతో వండిన చేపల పులుసు, దంచిన అరటికాయ ముద్ద వడ్డిస్తున్నారు. ఆయన తల్లి పళ్ళేలు లెక్కపెడుతోంది: "అబన్, బియామ, ఉరువ, గాదురు, సేంగు..." బడిలో ఫ్రెంచి చదువుతున్న మా అమ్మాయి నా చెవిలో "నాన్నా, నాలుగు నుంచి ఫ్రెంచి అంకెల్లా ఉన్నాయే!" అంది. నిజమే. ఆ అంకెల వెనక పెద్ద చరిత్రే ఉంది.

కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ ద్వీపం వీళ్ళ పుట్టిల్లు. వాళ్ళ భాషలో యురుమెయిన్. అక్కడ అరవాక్, కరీబ్ మూలాలున్న ఆదివాసులు ఉండేవారు. 17వ శతాబ్దం నుంచి, బద్దలైన బానిస ఓడల నుంచి బయటపడ్డ ఆఫ్రికన్లు, చుట్టుపక్కల ద్వీపాల తోటల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వాళ్ళతో కలిసిపోయారు. రూపంలో ఆఫ్రికా కనిపిస్తుంది, భాష మాత్రం అరవాక్ కుటుంబానిది. అందులో కరీబ్ మాటలు కలిశాయి. ఇరుగుపొరుగున స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళ నుంచి మూడు దాటిన అంకెలు వచ్చాయి.

1763లో పారిస్ సంధితో ద్వీపం బ్రిటిష్‌వాళ్ళ చేతికి వచ్చింది. చెరకు తోటలకు పనికొచ్చే మంచి భూమి గరీఫునాల దగ్గరుంది. గొడవంతా దాని కోసమే. ఒకసారి యుద్ధమై, 1773లో సంధి కుదిరింది. 1795లో మళ్ళీ యుద్ధం. వాళ్ళ నాయకుడు జోసెఫ్ చటోయర్ ఆ ఏడు మార్చి 14న చనిపోయాడు. 1796లో లొంగిపోయినవాళ్ళను, నాలుగు వేలమందికి పైగా, బాలిసో అనే చిన్న దీవిలో పడేశారు. కొద్ది నెలల్లోనే రోగాలతో దాదాపు సగం మంది పోయారు. మిగిలిన రెండువేల పైచిలుకు మందిని 1797 మార్చిలో ఓడలెక్కించి, ఏప్రిల్ 12న హోండురాస్ పక్కనున్న రొవాతాన్ ద్వీపంలో దించేశారు.

అక్కడి నుంచి వాళ్ళు హోండురాస్, గ్వాటెమాలా, బెలీజ్, నికరాగువా తీరాల వెంట పాకారు. తర్వాత ఓడల్లో పనులు వెతుక్కుంటూ న్యూయార్క్ చేరారు.

ఖాళీ అయిన ఆ భూమి కథలో మనకూ ఒక కొస ఉంది. 1861 జూన్ 1న "ట్రావెంకూర్" అనే ఓడ మద్రాసు నుంచి రెండువందల యాభైమందికి పైగా కూలీలను సెయింట్ విన్సెంట్‌కు తెచ్చింది, అక్కడి చెరకు తోటల కోసమే. మద్రాసు రేవులో ఆ రోజుల్లో తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ ఓడలెక్కేవారు. ఒకరిని వెళ్ళగొట్టిన నేలకు ఇంకొకరిని తోలుకొచ్చారన్నమాట.

ఆ రోజు పండగ 1832 నవంబరు 19ది, అంటే గరీఫునాలు బెలీజ్ తీరం చేరిన రోజుది. థామస్ విన్సెంట్ రామోస్ అనే ఆయన 1941లో దాన్ని జరపడం మొదలుపెట్టాడు. 1977 నుంచి ఆ దేశమంతటికీ సెలవు. తెల్లవారుజామున పడవల్లో డోళ్ళతో ఒడ్డుకు వచ్చి, తాతలు దిగిన తీరును మళ్ళీ నటిస్తారు. దేశం పోగొట్టుకున్న జాతి, వెళ్ళగొట్టిన రోజును కాదు, ఒడ్డు చేరిన రోజును పండగ చేసుకుంటోంది!

అయినా భాషకు గండం తప్పలేదు. ఆండీ పలాసియో అనే బెలీజ్ యువకుడు 1980లో అక్షరాస్యత ఉద్యమానికని నికరాగువా వెళ్ళాడు. అక్కడి గరీఫునాల్లో ముసలివాళ్ళకు తప్ప భాష రాదని చూసి బెదిరిపోయాడు. ఆ బెంగతోనే జీవితమంతా ఆ భాషలో పాటలు కట్టాడు. 2001లో యునెస్కో గరీఫునా భాష, నృత్యం, సంగీతాలను మానవాళి వారసత్వంగా ప్రకటించింది. 2007లో ఆయన "వాతినా" ఆల్బమ్ లోకమంతా విన్నది. 2008 జనవరిలో ఆయన కన్నుమూశాడు.

భోజనాల దగ్గర నా మిత్రుడు నెమ్మదిగా అన్నాడు: "మా అమ్మ తిడితే నాకు అర్థమవుతుంది. నా పిల్లలకు అదీ లేదు." యునెస్కో గుర్తించినా, ఇంట్లో పిల్లలతో మాట్లాడే పని మనదే కదా! అంకెలు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నందుకు వాళ్ళ భాష చావలేదు. నేనూ నా ఫోన్ నంబరు ఇంగ్లీషులోనే చెబుతాను. అరువు మాటలతో ప్రమాదం లేదు. పిల్లలతో మాట్లాడకపోవడంతోనే ప్రమాదం.

వచ్చేముందు ఆ పెద్దావిడ మా అమ్మాయిని "మీ భాషలో లెక్కపెట్టమ్మా" అంది. పది దాకా చెప్పి ఆగిపోయింది. ఆవిడ చప్పట్లు కొట్టింది గానీ నాకు సిగ్గేసింది. తప్పు పిల్లది కాదు. కారులో ఇంటికొస్తూ పదకొండు నుంచి మొదలుపెట్టాం. బ్రిడ్జి దాటేసరికి పంతొమ్మిదికి వచ్చాం.