బాతుల ఆటతో మొదలు

1996 వేసవికి మా తమ్ముడికి ఐదేళ్లు. నాన్న కోఠి నుంచి టీవీకి తగిలించే వీడియో గేమ్ తెచ్చారు. జపాన్‌లో 1983లో నింటెండో అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్‌కి నకలు అది. పసుపుపచ్చ క్యాసెట్ మీద 9999999 ఆటలని అచ్చేశారు. తీరా చూస్తే ఆ నాలుగైదే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి.

వాడికి ముందు ఏది ఇవ్వాలో నేనే తేల్చాను. 1985 నాటి సూపర్ మారియో నాకు ప్రాణం, అయినా వాడికి ఇవ్వలేదు. పరుగెడుతూ ఎగరాలంటే ఒకే బొటనవేలితో రెండు మీటలు నొక్కాలి, ఆ చిట్టి వేలికి అందవు. కాంట్రా ఊసే ఎత్తలేదు.

డక్ హంట్ పెట్టాను. ప్లాస్టిక్ తుపాకీ, ఒకే మీట, చదవాల్సిన పని లేదు. మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగును పసిగడుతుంది. పిక్చర్ ట్యూబ్ టీవీల కోసమే చేసిన ఏర్పాటు అది, ఎంత తెలివైన పనో!

తమ్ముడు గొట్టాన్ని తెరకే ఆనించి కాల్చేవాడు. వద్దనలేదు, పసివాడికి ముందు గెలుపు రుచి తెలియాలి. తర్వాత వాడే ఒక్కో షాబాదు బండ చొప్పున వెనక్కి జరిగాడు. దసరా నాటికి గుమ్మంలో నిలబడి కొడుతున్నాడు.