హంగరీ పండితుఁడు చోమా

హంగరీ దేశీయుల భాష మగ్యారు. ఇరుగుపొరుగు జర్మను, స్లావు భాషలతో దీనికి బాంధవ్యము లేదు. కావున తమ పూర్వు లెచటివారను ప్రశ్న ఆ జాతిని చిరకాలము కలఁచెను. ట్రాన్సిల్వేనియాలోని కోరోషు గ్రామమున 1784లో జన్మించిన షాందోర్ చోమా, దీనికి సమాధానము తూర్పున దొరకునని నమ్మి, 1819లో స్వదేశము విడిచి, తఱచు కాలినడకనే పయనించి, 1822లో లడాఖు చేరెను.

అచట మూర్‌క్రాఫ్టను నాంగ్లేయుని ప్రోత్సాహమునఁ దిబ్బతు భాషాభ్యాసమునకుఁ బూనెను. జాంస్కారులోని జంగ్లాయందు ఒక లామాకు శిష్యుఁడై, నిప్పులేని చిన్నగదిలో గొఱ్ఱెతోలు కప్పుకొని శీతకాలము గడపెను. ఆతని తిబ్బతు వ్యాకరణమును, తిబ్బతు-ఆంగ్ల నిఘంటువును 1834లోఁ గలకత్తాయందు ముద్రితములయ్యెను. సంస్కృత-తిబ్బతు పదకోశమగు మహావ్యుత్పత్తిని గూడ నాతఁ డాంగ్లీకరించెను.

అయితే మగ్యారునకు సామీ భాషతోఁ గల చుట్టఱికమును షాయ్నోవిచ్ 1770లోనే నిరూపించియుండెను. ఫిన్నిషు మొదలగువానితో నది యొకే కుటుంబమునకుఁ జెందినదని తరువాతి భాషావేత్తలు స్థిరపఱచిరి. చోమా వెదకిన బంధువులు తిబ్బతున లేరు. అంతమాత్రమున నాతని శ్రమ వ్యర్థమనఁదగునా? సంస్కృతమూలములు లుప్తమైన బౌద్ధగ్రంథములు పెక్కులు తిబ్బతు అనువాదములందే నిలిచియున్నవి. వానిని శోధించు పాశ్చాత్యులకు, వారి మూలమున భారతీయులకును, ఆతని వ్యాకరణమే తొలి మెట్టయ్యెను.

లాసాకుఁ బోవుచు, 1842 ఏప్రిల్ 11న డార్జిలింగులో జ్వరపీడితుఁడై చోమా మరణించెను. తనవారి జాడ యాతనికి దొరకలేదు; పరుల విద్యకు మాత్రము దారి యేర్పడెను.