పందెం కార్ల చక్రాలు – బరువు, బలం – ఒక చరిత్ర

ఉపోద్ఘాతం

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు మాత్రమే కాదని మా సాంఘిక శాస్త్రం అయ్యవారు తరచూ చెబుతుంటారు. మనం రోజూ చూసే వస్తువులకు కూడా చరిత్ర ఉంటుంది. అందుకే ఈసారి వ్యాసానికి నేను కారు చక్రాన్ని ఎంచుకున్నాను. అది కూడా కారుతో పాటు వచ్చే మామూలు ఇనుప చక్రం కాదు. మొదట పందెం కార్ల కోసం పుట్టి, తర్వాత అంగళ్లలో విడిగా అమ్మకానికి వచ్చిన తేలికపాటి చక్రం.

మా హోసూరు కార్ఖానాల ఊరు. 1980లో ఇక్కడ అశోక్ లేలాండ్ కార్ఖానా మొదలైంది. టీవీఎస్ మోటారు బండ్లు కూడా ఇక్కడే తయారవుతాయి. పెద్ద కార్ఖానాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న షెడ్లు ఊరినిండా ఉన్నాయి. మా నాయన అలాంటి ఒక షెడ్డులో లేత్ మీద పని చేస్తాడు. అందువల్ల లోహాల సంగతులు మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా వస్తుంటాయి. ఒకరోజు నేను నాయనను అడిగాను: "తేలికగా ఉండే చక్రం గట్టిగా ఎట్లా ఉంటాది?" దానికి ఆయన, "అది మంచి ప్రశ్నే గానీ, ఇంకొకటి కూడా అడుగు. గట్టిగా ఉందని మనకెట్లా తెలస్తాది?" అన్నాడు. ఈ రెండు ప్రశ్నలకు చరిత్రలో ఏం జవాబు దొరుకుతుందో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

బరువు తగ్గించడం ఎందుకు?

కారులో ఎక్కడ కిలో తగ్గించినా మంచిదే. అయితే చక్రంలో తగ్గించిన కిలోకు విలువ ఎక్కువ. దీనికి రెండు కారణాలు.

మొదటిది: కారు శరీరం స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. చక్రాలు మాత్రం స్ప్రింగుల కింద ఉంటాయి. రోడ్డు మీది ప్రతి గుంటా, ప్రతి రాయీ ముందు చక్రాన్నే ఎగరేస్తుంది. చక్రం బరువుగా ఉంటే ఎగిరింది వెంటనే కిందికి దిగదు. ఆ క్షణంలో టైరు రోడ్డును సరిగ్గా పట్టుకోదు. పందెంలో మలుపు తిరిగేటప్పుడు ఆ పట్టే ప్రాణం.

రెండవది: చక్రం ముందుకు పోవడమే కాకుండా గుండ్రంగా కూడా తిరుగుతుంది. మన భౌతిక శాస్త్రంలో గతిశక్తి సూత్రం ½mv² అని చదువుకున్నాం. కారు శరీరంలోని ఒక కిలోకు ఇదొక్కటే ఖర్చు. చక్రం అంచున ఉన్న కిలోకు ముందుకు పోవడానికి ½mv², తిరగడానికి ఇంచుమించు మరో ½mv² కావాలి. అంటే దాదాపు రెండింతలు. బ్రేకు వేసి ఆపాలన్నా అదే లెక్క.

చెక్క నుంచి తీగల దాకా

మన ఎడ్లబండి చక్రం చూడండి. చెక్క ఆకులు, చుట్టూ ఇనుప పట్టా. పట్టాను ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి చల్లారుస్తారు. అది ముడుచుకుని చెక్కలన్నిటినీ గట్టిగా బిగిస్తుంది. బరువు మోసేది మాత్రం కింద ఉన్న ఆకు. అది నొక్కుడును తట్టుకోవాలి కాబట్టి లావుగానే ఉండాలి.

1808లో జార్జ్ కేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని తలకిందులు చేసి ఆలోచించాడు. ఎగిరే యంత్రం కోసం తేలిక చక్రం కావాలని, లావు ఆకులకు బదులు బిగించి లాగిన సన్నని తీగలు పెట్టవచ్చని అన్నాడు. సన్నటి తీగను నొక్కితే వంగిపోతుంది, లాగితే మాత్రం ఎంతో బరువు ఆపుతుంది. నేను బడికి తొక్కుకుంటూ వచ్చే సైకిలు చక్రం ఈ ఆలోచన మీదనే నిలబడి ఉంది.

20వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులోని రడ్జ్-విట్‌వర్త్ కంపెనీలో జాన్ పూ అనే ఇంజనీరు కార్లకు పనికొచ్చే తీగల చక్రం తయారు చేశాడు. మధ్యలో ఒకే ఒక నట్టు తిప్పితే చక్రం మొత్తం ఊడి వస్తుంది. పందేల్లో టైర్లు మార్చడానికి ఇది చాలా అనుకూలం. కానీ తీగలు వదులైపోతాయి, మళ్లీ మళ్లీ బిగించాలి. కార్ల వేగం, టైర్ల వెడల్పు పెరిగేకొద్దీ మలుపుల్లో పక్కనుంచి వచ్చే తోపుడును తట్టుకోవడం ఈ చక్రాలకు కష్టమైంది.

1924: బుగాట్టి చక్రం

1924లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జరిగిన గ్రాండ్ ప్రీ పందేనికి ఎట్టోర్ బుగాట్టి తన టైప్ 35 కార్లను తెచ్చాడు. వాటి చక్రాలను చూసి అందరూ ఆశ్చర్యపోయారు. తీగలు లేవు. ఎనిమిది చదునైన ఆకులతో, అల్యూమినియంతో పోత పోసిన చక్రం. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంతో కలిసే ఉండేది. అందువల్ల చక్రం విప్పగానే బ్రేకులు బయటికి కనిపించేవి, వాటిని చూసి సరిచేయడం తేలికయ్యేది.

ఆ పందెంలో బుగాట్టి గెలవలేదు. టైర్ల పై పొర ఊడిపోయి కార్లు వెనకబడ్డాయి. చక్రాల ఆలోచన మాత్రం వీగిపోలేదు. 1925 నుంచి 1929 దాకా ఇటలీలో టార్గా ఫ్లోరియో అనే కఠినమైన కొండదారి పందెాన్ని వరుసగా ఐదేళ్లు బుగాట్టి కార్లే గెలిచాయి. అల్యూమినియం చక్రం రాళ్ల దారికి కూడా పనికొస్తుందని లోకానికి తెలిసింది.

మెగ్నీషియం ఇచ్చిన ఆశ, భయం

ఘన సెంటీమీటరుకు ఇనుము 7.87 గ్రాములు, అల్యూమినియం 2.70 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు తూగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం మెగ్నీషియాన్ని బాగా వాడారు. యుద్ధం ముగిశాక అమెరికాలో టెడ్ హాలిబ్రాండ్ అనే ఇంజనీరు ఆ విద్యను పందెం కార్లకు తెచ్చాడు. ఆయన చేసిన మెగ్నీషియం చక్రాలు ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెంలో చాలా ఏళ్లు కనిపించాయి. 1960లలో ఇంగ్లండులో చిన్న మినీ కార్ల కోసం మినిలైట్ అనే ఎనిమిది ఆకుల మెగ్నీషియం చక్రం వచ్చింది.

పందెం కార్లను చూసి మామూలు జనానికి కూడా మోజు పుట్టింది. అమెరికాలో 1956లో మొదలైన అమెరికన్ రేసింగ్ వంటి కంపెనీలు చక్రాలను విడిగా అమ్మసాగాయి. మెగ్నీషియంలోని మొదటి అక్షరాలతో జనం వాటిని మ్యాగ్ వీల్స్ అన్నారు. ఇప్పటికీ మన మెకానిక్ షెడ్లలో మోటారు సైకిలు చక్రాన్ని మ్యాగ్ వీల్ అనే అంటారు. అందులో ఉండేది మాత్రం అల్యూమినియమే!

మరి మెగ్నీషియం ఏమైంది? అది తేలికే గానీ తేమకూ ఉప్పుకూ త్వరగా తినుకుపోతుంది. పై పూత ఒకచోట గీరుకుపోతే అక్కడినుంచే చెడిపోతుంది. పందెం జట్లు చక్రాలను మాటిమాటికీ విప్పి, రంగు ద్రవం పూసి పగుళ్ల కోసం వెతుకుతాయి. రోజూ ఆఫీసుకు పోయే మనిషి ఆ పని చేయగలడా? పైగా మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు చల్లడం వల్ల మంట ఇంకా ఎక్కువవుతుంది. 1955లో లె మాన్ పందెంలో మెర్సిడెస్ కారు జనం వైపు దూసుకుపోయి 80 మందికి పైగా చనిపోయారు. ఆ కారు శరీరం మెగ్నీషియం మిశ్రమంతో చేసింది కావడంతో మంటలు ఆర్పడం చాలా కష్టమైంది. అక్కడ తప్పు చక్రాలది కాదు. ఒక లోహాన్ని తూకం ఒక్కటే చూసి ఎంచుకోకూడదని మాత్రం అందులోంచి నేర్చుకోవచ్చు.

పోత పోసిన చక్రం, ఒత్తి చేసిన చక్రం

తేలిక లోహం దొరికితే చాలదు, దాన్ని మలిచే పద్ధతి కూడా ముఖ్యం. ఇడ్లీ పిండి గుంతల్లో పోసినట్టు కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే అది పోత. చల్లారేటప్పుడు లోపల చిన్న చిన్న గాలి బుడగలు మిగిలిపోవచ్చు. పగులు అక్కడే మొదలవుతుంది. ఫోర్జింగ్ పద్ధతి వేరు. కాల్చిన లోహపు ముద్దను వేల టన్నుల ప్రెస్సు కింద పెట్టి ఒత్తుతారు. కమ్మరి సమ్మెటతో కొట్టినట్టే. లోహపు రేణువులు దగ్గరగా ఒత్తుకుని, చక్రం ఆకారం వెంబడి సాగుతాయి. పోత చక్రాలకు ఎక్కువగా వాడే ఏ356 మిశ్రమం తెగిపోయేలోపు నూటికి 3 నుంచి 5 పాళ్లు సాగుతుంది. ఫోర్జింగ్‌కు వాడే 6061 మిశ్రమం 10 పాళ్లకు పైగానే సాగుతుంది. మా నాయన దీన్ని ఒక్క మాటలో చెప్పేశాడు: "ఒంగేది మనల్ని ఇంటికి చేరుస్తాది. ఇరిగేది చేర్చదు."

1966లో జర్మనీలోని ఆటో ఫుక్స్ కంపెనీ పోర్షే 911 ఎస్ కారు కోసం ఐదు ఆకుల ఫోర్జింగ్ అల్యూమినియం చక్రాన్ని తయారు చేసింది. ఆకారం గీసింది పోర్షేలో పనిచేసే హైన్రిచ్ క్లీ. పందెం కారుకే కాదు, వీధిలో తిరిగే కారుకు కూడా ఫోర్జింగ్ చక్రం పనికొస్తుందని ఇది చూపించింది.

1996లో జపాన్‌లోని రేస్ కంపెనీ టీఈ37 అనే ఆరు ఆకుల చక్రాన్ని తెచ్చింది. ఆ పేరులోనే దాని బరువు ఉంది. 15 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల వెడల్పు ఉన్న చక్రం 3.7 కిలోలే తూగింది! ఈ మధ్య కాలంలో కార్బన్ నారతో కూడా చక్రాలు వస్తున్నాయి. 2015లో ఫోర్డ్ కంపెనీ తన షెల్బీ జీటీ350ఆర్ కారుకు అలాంటివి పెట్టింది. అదే కొలత అల్యూమినియం చక్రం 15 కిలోలుంటే ఇది 8 కిలోలే అని ఆ కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు చక్రాల బరువులు పోల్చాలంటే వాటి ఎత్తు, వెడల్పు, మోయగల భారం ఒకటే అయి ఉండాలి. చిన్న కారుకు చేసిన 15 అంగుళాల చక్రాన్ని, పెద్ద కారుకు చేసిన 19 అంగుళాల చక్రంతో పోల్చడం ఒకటో తరగతి పిల్లవాడిని పదో తరగతి పిల్లవాడితో కుస్తీకి దింపినట్టే.

బలాన్ని ఎలా కొలుస్తారు?

బరువు చూడటానికి తక్కెడ చాలు. బలం కంటికి కనిపించదు. చక్రాలు విడిగా అమ్ముడవడం పెరిగాక, ఎవరు పడితే వాళ్లు పోత పోసి అమ్మకుండా ప్రభుత్వాలు ప్రమాణాలు పెట్టవలసి వచ్చింది. జపాన్‌లో జేడబ్ల్యూఎల్ అనే ప్రమాణం వచ్చింది. దాన్ని తట్టుకున్న చక్రం మీద ఆ అక్షరాలు ముద్రిస్తారు. అందులో పరీక్షలు మూడు. మొదటిది, మలుపు తిరిగేటప్పుడు పడే వంపు బలాన్ని చక్రం మీద మళ్లీ మళ్లీ వేయడం. రెండోది, టైరు తొడిగి, తిరిగే డ్రమ్ముకు నొక్కి పట్టి లక్షల చుట్లు తిప్పడం. మూడోది, పైనుంచి బరువు పడేయడం.

మూడో పరీక్ష లెక్క నాకు చాలా నచ్చింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 7141 ప్రకారం చక్రాన్ని 13 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాని మీద 230 మిల్లీమీటర్ల ఎత్తునుంచి ఒక దిమ్మెను వదులుతారు. దిమ్మె బరువు ఎంతుండాలంటే, చక్రం మోయగల భారాన్ని 0.6తో గుణించి 180 కలపాలి. 450 కిలోలు మోసే చక్రం అనుకుందాం. 0.6 × 450 = 270. దానికి 180 కలిపితే 450. అంటే అంత బరువూ మూర కంటే తక్కువ ఎత్తునుంచి ఒక్కసారిగా అంచు మీద పడుతుంది. చక్రం వంకర పోతే పరవాలేదు. ఆకులు ఆరపార పగిలినా, మధ్య భాగం రిమ్మునుంచి విడిపోయినా, ఒక్క నిమిషంలో గాలంతా పోయినా ఆ చక్రం తప్పినట్టే. నాయన చెప్పిన ఒంగడం, ఇరగడం మాటే ఇక్కడ నియమంగా మారింది.

మన దేశంలో కూడా వాహనాల రిమ్ములకు బీఐఎస్ ప్రమాణం ఉంది. దాని సంఖ్య ఐఎస్ 16192.

మన వీధిలో ఈ చరిత్ర

ఇదంతా జర్మనీ, జపాన్ సంగతి, మనకెందుకు అనుకోవద్దు. మా చిన్నాయన పాత కారు ఒకటి కొని, 14 అంగుళాల ఇనుప చక్రాలు తీసేసి, ఒక అంగట్లో 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాడు. చూడటానికి అచ్చం జపాన్ ఆరు ఆకుల చక్రంలాగే ఉన్నాయి. తేలికవని, గట్టివని అంగడివాళ్లు చెప్పారట. నాలుగు నెలలకు రాత్రిపూట ఒక గుంటలో పడి ముందు చక్రం ఆకు మొదట్లో పగిలింది. కారులో మా పిన్నమ్మ, చంటిపాప ఉన్నారు. నిదానంగా పోతున్నందువల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. మరునాడు నాయన ఆ చక్రాన్ని తిప్పి చూశాడు. వెనకవైపు ఏ ముద్రా లేదు, ఎంత భారం మోస్తుందో కూడా రాసి లేదు. గుజిరీ అంగట్లో తూకం వేస్తే పాత ఇనుప చక్రం కంటే రెండు కిలోలు ఎక్కువే తూగింది! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. తేలికా లేదు, బలమూ లేదు. మిగిలింది మెరుపు ఒక్కటే.

ముగింపు

కేలీ తీగల నుంచి కార్బన్ నార దాకా రెండు వందల ఏళ్లుగా మనిషి చక్రం బరువు తగ్గిస్తూనే వచ్చాడు. ప్రతిసారీ తేలికదనం ముందు వచ్చింది, దాన్ని నమ్మడానికి కావలసిన పరీక్ష వెనక వచ్చింది. ఆ మధ్య కాలంలో ప్రమాదాలు జరిగాయి. బలం అనేది లోహంలో మాత్రమే లేదు. దాన్ని మలిచిన పద్ధతిలో, పరీక్షించిన ఓపికలో, ఆ పరీక్షకు పూచీగా వేసిన ముద్రలో కూడా ఉంది.

కాబట్టి తల్లిదండ్రులకు, అన్నలకు నా మనవి ఒక్కటే. కారుకైనా, మోటారు సైకిలుకైనా కొత్త చక్రాలు కొనేటప్పుడు ముందువైపు మెరుపు చూడండి, తప్పు లేదు. తర్వాత ఒక్కసారి చక్రాన్ని తిప్పి వెనకవైపు కూడా చదవండి. ముద్ర ఉందా, మోయగల భారం రాసి ఉందా, అది మీ బండికి సరిపోతుందా అని అడగండి. చెప్పలేని అంగడినుంచి ఉత్త చేతులతో వచ్చేయడం మేలు.