పంచిన కొద్దీ పెరిగిన వెలుగు

మొన్న మా మనుమడు అడిగాడు: "తాతయ్యా, గాజుపోగులో వెలుగు పెంచితే ఇంకా ఎక్కువ మాటలు పోతాయి కదా?" జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి, అవునని తలూపాను. తరువాత చదువుకుంటే తెలిసింది, నా జవాబు సగమే నిజమని. ఈ టపా దానికి దిద్దుబాటు.

ఈ చరిత్రకు 1966 ముఖ్యమైన మజిలీ. ఇంగ్లండులో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇంజనీర్లు గాజులోని మాలిన్యాలే కాంతిని మింగుతున్నాయని గ్రహించారు. కిలోమీటరు దూరం పోయాక నూటికి ఒక వంతు వెలుగు మిగిలినా టెలిఫోను నడపవచ్చునన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు అంతకంటె మేలైన పోగు తీశారు. 1988లో అట్లాంటిక్ అడుగున తొలి గాజుపోగుల కేబుల్ టాట్-8 పనిచేయనారంభించింది. ఏకకాలంలో దాదాపు 40,000 సంభాషణలు!

అయితే దారిలో కాంతి నీరసిస్తుంది. టాట్-8లో అక్కడక్కడ దానిని విద్యుత్తుగా మార్చి, బలపరచి, తిరిగి కాంతిగా పంపేవారు. ఒకే పోగులో పలు రంగుల కాంతిని పంపి, రంగుకొక సందేశం అప్పగించాలంటే ఈ పద్ధతిలో రంగుకొక యంత్రం కావాలి. 1987లోనే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం కలిపిన పోగుతో కాంతిని కాంతిగానే బలపరచే ఉపాయం చూపింది. ఆపైన పదుల రంగులు ఒకే పరికరంలో కలిసి బలం పుంజుకున్నాయి. సామర్థ్యం పెరిగింది, ఒక్కొక్క సందేశానికయ్యే విద్యుత్తు తగ్గింది.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. నడిసముద్రంలో విద్యుత్తు ఎక్కడిది? తీరాల నుంచి కేబుల్‌లోని లోహవాహకం ద్వారానే పంపాలి. దానికొక హద్దుంది. పైగా కాంతి మితిమీరితే గాజులో రంగులు ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. క్లాడ్ షానన్ 1948లో చెప్పిన సూత్రం ఇంకో సంగతి తేల్చింది. సంకేతం రొదకు 15 రెట్లున్నచోట సామర్థ్యం రెట్టింపు కావాలంటే, సంకేతశక్తిని 17 రెట్లు పెంచాలి. అదే రెండో పోగు వేస్తే, శక్తి రెండింతలతోనే ఆ పని జరుగుతుంది.

అందుకే ఇంజనీర్లు దారి మార్చారు. ఒక పోగుకు దండిగా పోయడం మాని, ఉన్న శక్తినే ఎక్కువ పోగులకు కొంచెం కొంచెంగా పంచారు. 2021లో అమెరికా, ఫ్రాన్సుల నడుమ పనిచేయనారంభించిన డ్యునాంట్ కేబుల్ ఈ పద్ధతిదే. అందులో 12 జతల పోగులు. సామర్థ్యం సెకనుకు 250 టెరాబిట్లు. బలపరచే పరికరాలను కూడా పోగులు ఉమ్మడిగా వాడుకుంటాయి.

మనుమడికి ఫోను చేసి నా పొరపాటు ఒప్పుకున్నాను. "అయితే పోగులు ఎన్నయినా పెంచవచ్చా?" అన్నాడు. ఈసారి తొందరపడి తలూపలేదు. పోగు పెరిగితే కేబుల్ లావూ, ఖర్చూ పెరుగుతాయి, దానికీ ఒక హద్దుందని చెప్పాను.