ఊరి ఆసుపత్రి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

నేను పనిచేసేది ఆసుపత్రుల రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద. ఓసారి ఒక చిన్న ఊరి ఆసుపత్రి డేటా అంతా పెద్ద సంస్థ సిస్టమ్‌లోకి ఎక్కించాం. శుక్రవారం రాత్రి పాత సర్వర్ ఆపేస్తే, సోమవారం పొద్దుటికల్లా అందరికీ కొత్త స్క్రీన్లే. ఒక్క రికార్డూ పోలేదని పిజ్జాలు తెప్పించుకుని తెగ సంబరపడిపోయాం. ఆ ఊరికి ఇంకేమైనా పోయిందా అన్న ఆలోచన నాకప్పుడు రాలేదు. అమెరికాలో ఈ విలీనాల చరిత్ర చదవడం మొదలుపెట్టాకే వచ్చింది.

1946లో హిల్-బర్టన్ చట్టం వచ్చింది. ఆసుపత్రి కట్టుకుంటామన్న ఊళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం డబ్బు సాయం చేసింది, మిగతాది స్థానికంగా సమకూర్చుకోవాలి. అలా చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఆసుపత్రులు లేచాయి. బోర్డులో ఉండేది ఆ ఊరివాళ్ళే.

1983లో మెడికేర్ లెక్క మార్చింది. అప్పటిదాకా అయిన ఖర్చుని బట్టి ఇచ్చేది కాస్తా, ఫలానా జబ్బుకి ఇంత అని ముందే కట్టేసింది. రోగులు ఎక్కువుండే పెద్ద ఆసుపత్రికి లాభనష్టాలు సర్దుకుపోతాయి. రోజుకి పదిమంది కూడా లేని చోట ఎక్కడ సర్దుకుంటాయి? చాలా ఆసుపత్రులు మూతబడ్డాయి. 25 పడకలు మించని మారుమూల ఆసుపత్రులకి మళ్ళీ ఖర్చుని బట్టి చెల్లించే పద్ధతి 1997లో గానీ రాలేదు. ఈలోగా చాలా ఊళ్ళు ఏదో ఒక పెద్ద సంస్థ గొడుగు కిందికి చేరిపోయాయి.

మిన్నెసోటానే తీసుకోండి. మేయో క్లినిక్ కూడా ఒకప్పుడు చిన్న ఊరి వ్యవహారమే. 1883లో రోచెస్టర్‌ని సుడిగాలి ధ్వంసం చేశాక, క్రైస్తవ సన్యాసినులు పూనుకుని 1889లో 27 పడకలతో సెయింట్ మేరీస్ ఆసుపత్రి తెరిచారు. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే డాక్టరు అక్కడ ఒక్కో రోగికి ఒక్కటే ఫైలు అనే పద్ధతి పెట్టాడు. మన 'పేషెంట్ ఐడీ'కి తాతన్నమాట. 1992లో మేయో చుట్టుపక్కల ఊళ్ళ క్లినిక్‌లనీ, ఆసుపత్రులనీ కలుపుకుని ప్రాంతీయ వ్యవస్థ మొదలుపెట్టింది. ఆల్బర్ట్ లీ ఊళ్ళోని నేవ్ హాస్పిటల్ కూడా 1990ల్లోనే అందులో చేరింది.

లాభం లేదని అనను. స్పెషలిస్టులొచ్చారు, పరికరాలొచ్చాయి. 2017-18లో ప్లమ్మర్ పేరు మీదే నడిచిన ప్రాజెక్టుతో అన్ని ఊళ్ళ రికార్డులూ ఒకే ఎపిక్ సిస్టమ్‌లోకి చేరాయి.

అదే 2017 జూన్‌లో ఇంకో ప్రకటన వచ్చింది. ఆల్బర్ట్ లీలో ఐసీయూ, కాన్పులు, ఇన్‌పేషెంట్ సేవల్లో చాలావరకు 20 మైళ్ళ పైచిలుకు దూరంలో ఉన్న ఆస్టిన్‌కి మారుస్తామని. ఎమర్జెన్సీ, ఔట్‌పేషెంట్ ఉంటాయన్నారు. రెండు చోట్లా రాత్రింబవళ్ళు డాక్టర్లని పెట్టలేమన్నది వాళ్ళ కారణం. అది వట్టి సాకేం కాదు. పల్లెలకి డాక్టర్లు దొరకకే 1994 నుంచి జే-1 వీసా మీదున్న విదేశీ డాక్టర్లకి అక్కడ పనిచేస్తే మినహాయింపులు ఇస్తున్నారు. అలా వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

కానీ జనవరి మంచులో, నొప్పులు పడుతున్న మనిషిని కార్లో కూర్చోబెట్టుకుని 20 మైళ్ళు వెళ్ళాల్సింది ఆ ఊరివాళ్ళు కదా! 'సేవ్ అవర్ హాస్పిటల్' అని సంఘం పెట్టారు, ఊరేగింపులు తీశారు. నిర్ణయం మాత్రం మారలేదు. 2020లో అదే వ్యవస్థ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఇంకో చిన్న ఊళ్ళో ఆసుపత్రిని ఏకంగా మూసేసింది.

నాకు అర్థమైనదేమిటంటే, ఆ ఊరు ఓడిపోయింది 2017లో కాదు, 1990ల్లో సంతకం పెట్టిన రోజునే. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ ఊళ్ళోనే ఉంది, రూట్ పాస్‌వర్డ్ మాత్రం చేతులు మారింది. అన్నీ సవ్యంగా నడిచినంతకాలం ఆ తేడా ఎవరికీ తెలీదు. ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసేసరికి ఊరికి మిగిలింది నినాదాలే.

చేరొద్దని చెప్పడం లేదు. చేరకపోతే అసలు ఆసుపత్రే ఉండేది కాదేమో. కానీ ఓ మామూలు క్లౌడ్ సర్వీసు కొనేటప్పుడు కూడా ఎగ్జిట్ క్లాజ్ ఉందో లేదో చూసుకుంటాం కదా! ఫలానా సేవ తీసేయాలంటే ఊరి ఒప్పుకోలు కావాలి, తీసేస్తే భవనం ఊరికి తిరిగిచ్చేయాలి... ఇలాంటి రెండు లైన్లు ఆ ఒప్పందంలో రాయించుకోవడం అంత కష్టమా?

ఈసారి అలాంటి ప్రాజెక్టు వస్తే, డేటా గురించి అడిగే ముందు ఈ ప్రశ్న అడుగుదామనుకుంటున్నా. మీరైతే అడుగుతారా?